కడిగిన చెయ్యి

మా పెద్దవాడు పోయాడని మేస్త్రి వచ్చి చెప్పినప్పుడు నేను చింతపండు నానబెడుతున్నాను. సైట్‌లో సెంటరింగ్ కూలిందట. ఆయన చెప్పడం అయిపోయాక కూడా నా చెయ్యి ఆ గిన్నెలోనే ఉంది. నలభై రోజులైంది. నాది మూడో తరగతి చదువు. అయినా వాడి సంగతి ఒక్కటైనా మీకు సరిగ్గా చెప్పాలని కూర్చున్నాను.

వాడు వడ్రంగి. ఒమాన్ దేశంలో ఈ సహం ఊళ్ళో, ఇంజనీరుగారింట్లో వంటకు మనిషి కావాలంటే నన్ను పిలిపించుకున్నాడు. వాళ్ళ పెరటి గదిలోనే మా ఇద్దరి కాపురం. డ్యూటీ అయ్యాక బజారులో పాత వస్తువులమ్మే సేఠ్ దుకాణానికి పోయి పాత పెట్టెలు బాగుచేసేవాడు. ఏ తలుపునైనా వేలితో తట్టందే దాటేవాడు కాదు. "కట్టెనడగాలె అమ్మా, అదే చెప్తది" అనేవాడు.

ఒకసారి సేఠ్ ఒక కట్టె బొమ్మ ఇచ్చి, కాలు వదులైంది, బిగిస్తే అమ్మకానికి పెడతానంటే వాడు గదికి తెచ్చాడు. మూరెడు పొడుగు. రెండు చేతులూ ఆకాశానికెత్తిన మనిషి. ఆఫ్రికాలో మాలీ దేశపు డోగోన్ జనం చెక్కినదట. హజ్‌కని మక్కా వచ్చినవాడెవరో అమ్మితే, చేతులు మారి ఇక్కడికి చేరిందట. ఒళ్ళంతా నల్లగా అట్టలు కట్టి ఉంది. ఆ గురువారం, మరునాటి పూజకని దేవుళ్ళను తోముతూ, ఈయనకేం పాపం ఇంత మురికి అని చింతపండూ బూడిదా పెట్టి దాన్నీ తోమాను. ఒక చెయ్యి తెల్లబడేసరికి వాడొచ్చాడు.

"ఏంజేసినవే అమ్మా! అది మురికి గాదు. ఏండ్లకేండ్లు వాళ్ళు మొక్కి పోసిన అంబలట. మన పోచమ్మకు పొయ్యమా?"

మా పోచమ్మ రాయిని ఎవరైనా అలా రుద్దితే నేను ఊరుకుంటానా?

సేఠ్ అరిచాడు. తర్వాత మెల్లగా, టీ డికాషన్ పూస్తే రంగు కలిసిపోతుంది, ఎవరికీ తెలియదన్నాడు. వీడు ఒప్పుకోలేదు. సేఠ్‌కు బొమ్మకు బదులుగా ఒక పెట్టె మూత కొత్తగా చేసిచ్చి, దాన్ని మళ్ళీ గదికి తెచ్చుకున్నాడు. "ఉన్నదున్నట్టు తీసుకునేటోడు వస్తే ఇద్దాం" అని గూట్లో పెట్టాడు. రోజూ డ్యూటీకి పోతూ ఆ తెల్ల చెయ్యి పట్టుకునేవాడు. "పోయొస్త తాతా! మా అమ్మ చేతిల పడకు, ఇంకో చెయ్యి గూడ గుంజుకుంటది!"

మొన్న సేఠ్ గ్లాసులో డికాషన్ పట్టుకుని వచ్చాడు. బొమ్మ కొనడానికి మస్కట్ నుంచి ఒక దొర వస్తున్నాడట.

"ఒక్క పూత మాయీ. నీ కొడుకు ఇప్పుడు చూస్తాడా?"

"వాడు చూడడు సేఠ్. నేను చూస్త. గ్లాసు తీస్కపో."

దొర వచ్చాడు. నాకు ఆయన భాష రాదు. తెల్ల చెయ్యి చూపించి, నా రెండు చేతులతో ఎలా తోమానో చేసి చూపించాను. ఆయన బొమ్మను జాగ్రత్తగా గూట్లో పెట్టి వెళ్ళిపోయాడు. సేఠ్ తల కొట్టుకున్నాడు. కొట్టుకోనీ. ఇంకొకరు వస్తారు. వాళ్ళకూ ఇలాగే చూపిస్తాను.

గదంతా తుడుస్తాను గానీ ఆ గూటికి తడిగుడ్డ తగలనివ్వను. పొద్దుటి ఎండ పడినప్పుడు కనిపిస్తుంది. ఆ తెల్ల చెయ్యికి, వాడు పట్టుకునే చోట, పిడికిలంత మేర మళ్ళీ కొంచెం నలుపు తిరిగింది.