ఖాళీ గిన్నెలో నికెల్

ఆ రోజుల్లో నేను ఉద్యోగానికి కొత్త, వయసుకు కాదు. 2011 జూన్‌లో తొలి ఉద్యోగంలో చేరేనాటికి నాకు యాభై ఎనిమిది నిండి రెండు నెలలు (నిండినవి నిండినట్టు చెప్పడం నా అలవాటు). అందరూ ఇరవైల్లో చేసే తెలివితక్కువ పనులు నేను ఆ వయసులో చేశానన్నమాట. శంషాబాద్ విమానాశ్రయం దారిలో ఒక చిన్న ప్రయోగశాలలో గిన్నెలు శుభ్రం చేసే పని. అక్కడ ముడి చమురు మీద పరిశోధన చేస్తున్న అమ్మాయిది పక్క ఊరే, రైతుల ఇల్లు. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. చమురులో రవ్వంత నికెల్ ఉంటుందనీ, అందులో బరువైన రకం, తేలికైన రకం ఉంటాయనీ, వాటి పాళ్లు చూస్తే ఆ చమురు సముద్రపు నాచు నుంచి పుట్టిందో, నేల మీది చెట్ల నుంచి పుట్టిందో జాడ తెలుస్తుందనీ చెప్పింది. ఆమె దగ్గరున్నది రెండు చెంచాల చమురు. ఆ బావి మూసేశారు, మళ్లీ దొరకదు. నాలుగేళ్ల చదువు ఆ రెండు చెంచాల మీద ఆధారపడి ఉంది.

గిన్నెలు తెల్లటి ప్లాస్టిక్‌వి. యాసిడ్‌లో ఉడికించి తీయాలి, అంతే. తీశాక చూస్తే అడుగున లేత గోధుమరంగు చార. చార ఉన్న గిన్నె బోర్లించడం నా వల్ల కాలేదు. ఇంటి నుంచి స్టీలు పీచు తెచ్చి, రెండు గిన్నెలు తళతళలాడేలా తోమి పెట్టాను. మరునాడు ఆమె ఒకదాంట్లో చెంచా చమురు పోసి, రెండోదాన్ని సరిచూడటానికి చమురు లేకుండానే ఉంచి పరీక్ష చేసింది. ఖాళీదాంట్లోనే బోలెడు నికెల్ వచ్చింది. యంత్రం చెడిందేమోనని మధ్యాహ్నందాకా విప్పి చూసింది. ఆమె అవస్థ చూడలేక, గిన్నెల మీద మాత్రం అనుమానం పెట్టుకోవద్దని, స్టీలు పీచుతో నేనే తోమానని ధైర్యం చెప్పాను.

ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

"స్టీల్ల నికెల్ ఉంటది, పెద్దమ్మా," అన్నది నిదానంగా. "ఇగ ఈ చమురు నాచుకెళ్లి గాదు, నీ పీచుకెళ్లి పుట్టిందని రాసుకోవాలె."

రేపటి నుంచి రానన్నాను.

"గట్లెట్ల? ఇంకో చెంచా ఉన్నది. నువ్వు తోమని గిన్నెలు గూడ రెండున్నయి. నువ్వే ఉడకబెట్టు. మరకుంటే జర కండ్లు మూసుకో."

ఉడకబెట్టాను. చార కనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఈసారి ఖాళీ గిన్నెలో నికెల్ లేనట్టే వచ్చింది. చమురు గిన్నె అంకెల మీద వేలు పెట్టి ఆమె రెండుసార్లు సరిచూసుకుంది.

"నాచు దిక్కే చూపిస్తున్నయ్, పెద్దమ్మా," అన్నది చివరికి.

ఆ సాయంత్రం బస్సులో పక్క సీటామెకు, కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో పచ్చగా తేలిన నాచు గురించి చెబుతూ చెబుతూ నేను దిగాల్సిన అత్తాపూర్ దాటిపోయాను. మెహదీపట్నంలో ఎదురు బస్సు కోసం నిలబడ్డ ఆ కొత్త ఉద్యోగిని తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ తర్వాత ఏడేళ్లు పనిచేశాను గానీ, ఇల్లు ఆలస్యంగా చేరినందుకు అంత సంతోషపడిన రోజు మళ్లీ రాలేదు.