మల్లెపూల కట్టు

కూతురు ఈశ్వరి పుట్టాక దేవి తలలో మల్లెపూలు పెట్టలేదు. పూలమ్మి వీధిలోకి వస్తే తలుపు వేసుకునేది.

కాన్పయిన కొద్ది రోజులకే ఆమె ఎడమ రొమ్ము రాయిలా గట్టిపడి, జ్వరం కాసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళమని మొగుడు కోటిని బతిమాలింది. అత్త గంగాలమ్మ వెళ్ళనివ్వలేదు. పాలు విషమయ్యాయంటూ బిడ్డను లాక్కుని గేదెపాలు పట్టింది. దేవి పాలు ఎండగట్టడానికి రొమ్ములకు మల్లెదండలు చుట్టి, పైన గుడ్డ బిగించింది. లోపలి పాలు లోపలే చీముపట్టాయి. చివరికి రొమ్ము కోసి చీము తీయాల్సి వచ్చింది. ఈశ్వరి ఇప్పటికీ నానమ్మ పక్కలోనే పడుకుంటుంది.

ఈ వేసవిలో గంగాలమ్మ గేదెకు పొదుగు వాచింది. ఒక చన్ను వేడెక్కి, చెయ్యి తగిలితే తన్నేది. పాలు విరిగి ముక్కలుగా పడ్డాయి. హార్బర్ వెనక సందులో ఉండే గంగాలమ్మకు ఆ గేదంటే ప్రాణం. తెల్లారగానే ఆటో ఎక్కి పశువుల డాక్టరును వెంటబెట్టుకొచ్చింది. ఆయన సూది వేసి, పొదుగులో పాలు నిలవ ఉండకూడదన్నాడు. మాటిమాటికీ ఆ చన్ను ఖాళీ చెయ్యకపోతే అది దక్కదన్నాడు. గుమ్మంలో నిలబడి దేవి ఆ మాట విన్నది.

ఆ మర్నాడే గంగాలమ్మ హార్బర్లో చేపల ఐసు మీద జారిపడింది. కుడిచేతికి పిండికట్టు. కోటి బోటెక్కి వేటకు పోయాడు. గేదె దగ్గరికి రానిచ్చే మనిషి ఇక దేవి ఒక్కతే.

"బేగి రాయే, పిండు," అంది గంగాలమ్మ.

దేవి చెంబు అందుకోలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళి, ఆకులో చుట్టిన మల్లెపూలతో వచ్చింది. ఒక దండ తుంచి అత్త ఒళ్ళో పెట్టింది.

"కట్టెయ్ అత్తా. పాలు ఎండిపోతాయి."

గంగాలమ్మ పూలకేసి చూసింది, కోడలికేసి చూసింది. "అది నోరులేనిదే," అంది.

"నాకున్నాదేటి నోరు, అప్పుడు?"

మిగిలిన దండ జడలో తురుముకుని దేవి గుమ్మంలో కూర్చుంది. ముసలిది ఎడమచేత్తో పిండబోయింది. పట్టు చాలక వేళ్ళు జారాయి. గేదె తన్నింది, చెంబు దొర్లింది. అత్త మళ్ళీ కూర్చుంది. పక్కింటి చిలకమ్మ వచ్చి, పాపం పశువేం చేసింది, నువ్వు పిండవే అంది. నాకు పూలు కట్టిన రోజు నువ్వే గుడ్డ పట్టుకున్నావు కదా పిన్నీ అని దేవి నెమ్మదిగా అడిగింది. చిలకమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పొద్దుగూకేదాకా గేదె అరుస్తూనే ఉంది.

గేదె బతికింది, ఆ చన్ను ఎండిపోయింది. కోటికి ఇద్దరూ ఏమీ చెప్పలేదు. చెయ్యి అతుక్కున్నాక గంగాలమ్మ మళ్ళీ తనే పిండుకుంటోంది. మూడు చన్నులూ అయ్యాక ఆమె చెయ్యి నాలుగోదాని దగ్గర కాసేపు ఆగుతుంది. అది చూడ్డానికే దేవి పెందలాడే లేస్తుంది. వేసవి పోయేదాకా రోజూ పూలు కొంది.

దేవి కుడితి తెచ్చి పెడితే మాత్రం గేదె మొహం తిప్పేసుకుంటుంది. ఆమె లోపలికి వెళ్ళేదాకా మూతి పెట్టదు.