పదిహేడో నెంబరు రెడ్డి

ప్రొద్దుటూరులో నాది చిన్న డీటీపీ అంగడి. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, వచ్చినవాళ్లు కూర్చోను ఒక స్టూలు. పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టుబడ్డాయి. ఏది టైపు చేసినా పేజీలు, పట్టికలు, బొమ్మలు విడివిడిగా లెక్కపెట్టి, నెంబర్లన్నీ కూడి చూసుకుంటేగానీ చేతికివ్వను. ఒకటి నుంచి ముప్పై నాలుగు దాకా కూడితే ఐదువందల తొంభై ఐదు. ఇట్లాంటివి బస్సులో కూర్చున్నా నా తలలో తిరుగుతుంటాయి.

జమ్మలమడుగులో పనిచేసే ఒక డాక్టరమ్మ తన థీసిస్ నా దగ్గరే చేయించుకుంది. ఆ నమ్మకంతోనే మొన్నొక గురువారం పొద్దున్నే మళ్లీ వచ్చింది. బోరు నీళ్లలో ఫ్లోరైడు గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ ఒక వైద్య పత్రికకు వ్యాసం పంపితే వెనక్కి వచ్చిందట. వ్యాసం బాగుందన్నారు. చివర్లో ఉండే ఆధారాల జాబితా మాత్రం తమ పద్ధతిలో లేదన్నారు. సరిచేసి శనివారం సాయంత్రంలోగా పంపాలి, ఇదే చివరి అవకాశం. అది అచ్చవుతుందని తేలితేనే మెడికల్ కాలేజీలో పాఠం చెప్పే పోస్టుకు ఆమె దరఖాస్తు పెట్టుకోగలదు. డ్యూటీల మధ్య ఆమెకు తీరిక లేదు.

పత్రికవాళ్ల నియమాలు రెండుసార్లు చదివాను. నాకు భలే నచ్చాయి. వ్యాసంలో ఏ ఆధారం ముందు వస్తే దానికి ఒకటో నెంబరు, తర్వాతది రెండు. ఒకసారి ఇచ్చిన నెంబరు మళ్లీ మారదు. రచయిత పేరులో ఇంటిపేరు ముందు, తక్కిన పొడి అక్షరాలు వెనక, మధ్యలో చుక్కలు ఉండకూడదు. ఆరుగురికి మించితే తక్కినవాళ్లంతా ‘ఇతరులు’. ఆ తర్వాత శీర్షిక, పత్రిక, సంవత్సరం, సంపుటం, పేజీలు. ఇంత శుభ్రమైన పని మా వీధిలో ఎవరూ తెచ్చివ్వరు.

చేసుకుంటూ పోతే తొమ్మిదో నెంబరులో ఒక రెడ్డి తగిలాడు, పక్కన ఒకే పొడి అక్షరం. పదిహేడులోనూ రెడ్డే, అదే అక్షరం. రెండూ ఫ్లోరైడు మీదే, శీర్షికలూ దగ్గర దగ్గర ఒకటే. పదిహేడోదానికి సంపుటం లేదు, పేజీలు లేవు. డాక్టరమ్మ తొందరలో ఒకదాన్నే రెండుసార్లు కొట్టిందనుకున్నాను. పదిహేడు తీసేసి, వ్యాసంలో అది ఉన్నచోట తొమ్మిది వేశాను. పద్దెనిమిదిని పదిహేడు చేశాను, అట్లా చివరిదాకా. ముప్పై మూడు మిగిలాయి. కూడితే ఐదువందల అరవై ఒకటి, సరిగ్గా సరిపోయింది. తృప్తిగా ఫైలు పంపేసి టీ తాగాను.

శుక్రవారం పొద్దున ఆమె ఫోను చేసింది.

“అన్నా, ఒగటి తక్కువుందే. మా సారు యాడికి పోయినాడు?”

అప్పుడు తెలిసింది. ఆ పదిహేడో ఆయన ఆమెకు హౌస్ సర్జన్ రోజుల్లో పని నేర్పిన పెద్ద డాక్టరు. రిటైరై పులివెందులలో ఉంటున్నాడు. జీవితం మొత్తంమీద ఆయన రాసిన వ్యాసం ఆ ఒక్కటే. డాక్టరమ్మకు తన వ్యాసం రాయాలన్న ఆలోచన పుట్టింది కూడా దాన్ని చదివే. లెక్క కుదిరింది, మనిషి పోయాడు. నా పద్ధతిలో ఆ లొసుగు అంతవరకూ నాకు కనబడలేదు. ఎంత ఉండాలో నేనే అనుకుని, దానికి నేనే కూడుకుంటే కుదరక ఏమవుతుంది?

తిరిగి పెట్టడం ఎంతసేపు? కానీ పేజీ నెంబర్లు కావాలి. ఆ పాత సంచిక ఇంటర్నెట్‌లో ఎక్కడా లేదు. ఆయన దగ్గర ఒక ప్రతి ఉండొచ్చని, ఫోనులో అడిగితే ఆయనకు సరిగా వినబడదని చెప్పింది. ఆమెకు ఆ రోజు డ్యూటీ. తప్పు నాది కాబట్టి అంగడి మూసేసి ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాను.

పెద్దాయన వరండాలో పల్లీలు ఒలుచుకుంటున్నాడు. చెవి దగ్గరికి పోయి సంగతి మొత్తం చెప్పాను. నేను తీసేసిన మాట కూడా దాచలేదు. ఆయన చాలాసేపు నవ్వాడు.

“రిటైరైన రోజే తీసేసినార్లే అప్పా నన్ను. నువ్వు కొత్తగా తీసేదేముంది?”

బీరువాలోంచి అట్ట ఊడిపోయిన సంచిక తెచ్చి నా చేతిలో పెట్టాడు. సంపుటం, పేజీలు కాగితం మీద రాసుకున్నాను, మళ్లీ ఒకసారి సరిచూసుకున్నాను. అందులో ఆయన పేరుకు ముందు ఒకటి కాదు, రెండు పొడి అక్షరాలున్నాయి. డాక్టరమ్మ ఒకటి మరిచిపోయింది. ఆ రెండోది ఉండుంటే నేను కలిపేసేవాణ్ణే కాదు. ఆ అక్షరమేందని అడిగితే అదే తమ ఇంటిపేరన్నాడు.

“వాళ్లు ఇంటిపేరు ముందు పెట్టమంటారు. మన ఇంటిపేరేమో పొడి అచ్చరమై యెనక్కి పోయె. తోక తెచ్చి తలకాయ చేసినారు. బస్టాండులో నిలబడి రెడ్డీ అని పిల్చి చూడు, ఎంతమంది తిరుగుతారో.”

నేను పిలవలేదు. కానీ తిరుగు బస్సులో కండక్టరు ఆ పని చేశాడు. “రెడ్డీ, టికెట్టు” అంటే నలుగురు జేబుల్లో చేతులు పెట్టారు.

శనివారం మధ్యాహ్నం డాక్టరమ్మ డ్యూటీ దిగి నేరుగా అంగడికి వచ్చింది. స్టూలు మీద కూర్చుని తన పాత ప్రతి చేత పట్టుకుంది. నేను నెంబరు చదివితే ఆమె పేరు చదివింది, బడిలో హాజరు వేసినట్లు. పదిహేడు దగ్గర రెండు పొడి అక్షరాలూ గట్టిగా పలికింది. ముప్పై నాలుగూ పలికాయి. మొత్తం ఐదువందల తొంభై ఐదు. ఆ కూడిక ఇప్పుడు అసలు ప్రతితో ఒక్కొక్కటీ సరిచూశాకే చేస్తున్నాను. గడువుకు గంటన్నర ముందే వ్యాసం వెళ్లిపోయింది.

ఆరు వారాలకు ఒప్పుకున్నట్లు జవాబు వచ్చింది. ఆధారాల మీద ఒక్క ప్రశ్న కూడా లేదు. ఆమె దరఖాస్తు పెట్టేసింది. వ్యాసం అచ్చయ్యాక ఒక ప్రతి తెచ్చి, పులివెందులకు నన్నే తీసుకుపొమ్మంది. నీ వల్ల పోయిన మనిషిని నువ్వే చేర్చాలన్నా, అని నవ్వింది.

పెద్దాయన భూతద్దం తెచ్చుకుని జాబితా మీద వేలు పెట్టి పై నుంచి దిగాడు. పదిహేడు దగ్గర ఆగి, తన పేజీ నెంబర్లు సంచికతో పోల్చుకున్నాడు. సరిగానే వేసినావని తల ఊపాడు. నేను లేచి చెప్పులు తొడుక్కుంటుంటే ఆయన వేలు మళ్లీ పైకి పోయింది.

“ఈ తొమ్మిదో రెడ్డి ఎవురప్పా? మా తట్టోడేనా?”

“ఏ ఊరో తెలీదు సార్. ఈసారి మాత్రం ఇద్దర్నీ యాడోళ్లను ఆడనే పెట్టినా.”