బిగించినోడే చూస్తె ఎట్ల?

ఆ ఉదయం మా బాపు చాయ్ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నా వైపు తిరిగి, "ఇండ్ల ఏం కలిపినవ్?" అన్నాడు. పరాచికం అనుకున్నాను. కాదు.

బాపు వయసులో ఉండగా వైమానిక దళంలో ఆర్మరర్. డెబ్బై ఒకటి యుద్ధంలో, బాంబులు వేసే ఫైటర్ విమానాల స్క్వాడ్రన్‌లో, రెక్కల కింద బాంబులు బిగించేవాడు. ముసలితనంలో మహబూబాబాద్‌లో నా తమ్ముడి దగ్గర ఉండి, ఆ వానాకాలమే జనగామలో మా ఇంటికి వచ్చాడు.

కొద్దిరోజుల్లో అన్నం మానేశాడు. తలుపు గడియలు తడిమి చూసేవాడు. బీపీ గోళీలు ఇస్తే పళ్లు బిగించేవాడు. ఉమ్మేస్తాడని నాకూ అనుమానమే. నోరు తెరిపించి, మింగాడని చూసుకున్నాకే కదిలేదాన్ని.

డాక్టర్ షుగర్ పరీక్ష, సి.టి. స్కాన్ చేయించారు. "వయసు కదమ్మా. మతిమరుపు జబ్బు, డిమెన్షియా మొదలైనట్టుంది" అని నిద్రమాత్ర రాశారు. దానితో ఇంకా పాడయ్యాడు. తెల్లవారగానే ఇంధనం నింపారా, బాంబులు ఎక్కాయా అని అడిగేవాడు. దాడికి వెళ్లిన విమానం తిరిగొస్తే మళ్లీ నింపి, మళ్లీ బిగించి పంపాలట. అది రాలేదని ఆకాశం చూస్తూ కూర్చునేవాడు. నన్ను ఎవరో పంపిన మనిషి అనుకున్నాడు. నా భయం ఒక్కటే: అలా అనుకుంటూనే పోతాడేమోనని.

ఒక ఆదివారం తమ్ముడు వచ్చాడు. నేను గోళీలు తెచ్చాను.

"గీ గోళీలు ఎవరు చూసిన్రు?" అన్నాడు బాపు.

"నేనే చూసిన."

"డబ్బాల పెట్టింది?"

"నేనే బాపు."

"బిగించినోడే చూస్తె ఎట్ల? ఇంకోడు చూడందే మా విమానం కదిలిందా ఎన్నడన్న?"

తమ్ముడు లేచి సెల్యూట్ కొట్టాడు. "నేను చూస్త సార్. ఇగ ఎగరొచ్చు."

"నవ్వకు. నవ్వుకుంట చూసెటోనికి ఏం కనవడది."

తమ్ముడు చిన్నబోయి, మందు అట్టలు ఒక్కొక్కటి తిప్పి చదివాడు. రెండు అట్టలు తీసి పక్కపక్కన పెట్టాడు.

"అక్కా, గిది మా ఇంటికాడ వాడిన బీపీ గోళీ. గిది జనగామల రాసింది. పైన పేర్లు వేరే. కింద మందు ఒక్కటే గద!"

బాపు వచ్చిన కొత్తలో ఇక్కడి డాక్టర్ రాసిన గోళీ అది. పేర్లు వేరు కాబట్టి పాతదీ కొత్తదీ నేను రెండూ వేస్తున్నాను.

అట్టలన్నీ పట్టుకుని ఆ రోజే వేరే దవాఖానకు తీసుకుపోయాం. రక్తపరీక్ష చూసి అక్కడి డాక్టరమ్మ చెప్పింది: "సోడియం బాగా పడిపోయింది. ఈ బీపీ గోళీ ఒంట్లో నీరు తీసేది, డబుల్ డోస్ పడుతోంది. ఇది డిమెన్షియా కాదు, డెలీరియం, అంటే ఒంట్లో తేడాతో వచ్చే అయోమయం అనుకుంటున్నా. తగ్గొచ్చు. కానీ సోడియం మెల్లగానే పెంచాలి."

అక్కడే చేర్పించాం. మధ్యలో బాపు సెలైన్ గొట్టం పీకేశాడు. నర్సును గూఢచారి అన్నాడు. తర్వాత ఒక పొద్దున, "బిడ్డా, చాయ్ పోయవా?" అన్నాడు. వాసన చూడకుండా తాగాడు.

ఇంటికొచ్చాక అడిగాను. "నన్నే అనుమానపడ్డవా బాపు?"

"నిన్ను గాదు. చేతిని. నా చేతిని గూడ నేను ఎన్నడు నమ్మలే."

బాపు మొన్న ఎండాకాలం గుండెపోటుతో పోయాడు. చివరిదాకా నన్ను గుర్తుపట్టాడు. ఇప్పుడు బీపీ నాకూ ఉంది. ఊరు మారినా, డాక్టర్ మారినా, వాడుతున్న అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి. పై పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. డబ్బాలో పెట్టిన మనిషి కాక ఇంకొకరు చదవాలి. నావి తమ్ముడు వచ్చినప్పుడు చదువుతాడు. నవ్వడు.