గేటు బయట మేనత్త, షీటులో సున్నా

మొన్న హోసూరులో మా కోడలు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ, ఒక గడిలో నెల పేరు మార్చగానే వేరే షీట్లలోని అంకెలు వాటంతట అవే వచ్చి పడడం నాకు చూపించి, మీ కాలంలో ఇది ఉండేదా మామా అని అడిగింది. ఉండేదమ్మా అని ఊరుకున్నాను గాని, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మీలోనూ చాలామంది నాలాగే కంప్యూటరును భయపడుతూ నేర్చుకున్నవాళ్ళే కనుక మీకు చెప్పుకోవచ్చు. కృష్ణగిరి దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను కొత్తగా చేరిన రోజులవి. సీజనులో ఆ రోడ్డంతా మాగిన పండ్ల వాసన, ఈగలు, లారీ హారన్లు, మూడు భాషల్లో తిట్లు. మా ఆఫీసులో ఊరికొక షీటు ఉండేది, ఆ ఊరి నుంచి ఏ రోజు ఎంత సరుకు రావాలో అందులో ఎక్కించేవాళ్ళం. మొదటి షీటులో ఊళ్ళ పేర్లుండేవి. ఫార్ములా ఆ పేరు చదువుకుని, ఆ పేరున్న షీటుకు తానే వెళ్ళి అంకె తెచ్చిపెట్టేది. ఆ మొదటి షీటు అచ్చు తీసి గేటు దగ్గర ఇస్తే, సరుకు ఉందని అందులో ఉన్న ఊరి బండినే లోపలికి వదిలేవారు. షీటు దొరకనప్పుడు పడే తప్పు గుర్తు చూస్తే యజమాని విసుక్కుంటాడని, మా అకౌంటెంటు దాని బదులు సున్నా పడేలా రాసిపెట్టాడు. శుభ్రమంటే ఆయనకు ప్రాణం.

ఆ శుభ్రమే కొంప ముంచింది. అంచెట్టి షీటుకు ఆయన నకలు తీసి, పాతది తీసేశాడు. నకలు పేరు చివర ఒక అంకె అదనంగా చేరిన సంగతి ఎవరూ గమనించలేదు. మేము నకలులో ఎక్కిస్తున్నాం, ఫార్ములా పోయిన షీటును వెతికి సున్నా చూపిస్తోంది.

అంచెట్టి కొండల్లో మా మేనత్తకు చిన్న మామిడి తోట ఉండేది, ఒంటి మనిషి అయ్యాక ఆమెకు అదే ఆధారం. ఆ ఏటి కాపంతా టెంపోకెత్తించుకుని ఆమె వచ్చిన రోజున నన్ను మా జిల్లాలోనే ఉన్న పోచంపల్లి వైపు సరుకు చూడమని పంపారు. మర్నాడు తిరిగి వచ్చేసరికి మేనత్త గేటు బయట టెంపో నీడలో కూర్చుని ఉంది, అడుగు పండ్లు చితికి రసం కారుతోంది. నేను లోపలికి పరుగెత్తి, సున్నా ఎందుకు పడిందో వెతికి, షీటు పేరు సరిచేయగానే అంచెట్టి పక్కన అంకె వచ్చింది. ఆ అంకె చూసి బండిని లోపలికి రానిచ్చారు, పండ్లు చూసి వెనక్కి పంపారు.

మేనత్త ఏడవలేదు, అరవలేదు. అకౌంటెంటు దగ్గరికి వెళ్ళి, "నిన్నటి నుంచి ఈడే కూర్చోని ఉండానప్పా. ఒక తూరి కిటికీలో నుంచి చూసింటే కనపడతా ఉంటిని గదా" అంది. ఆయన స్క్రీను వైపే చూశాడు. ఆ ఏడు దాటక ముందే ఆమె చెట్లన్నీ కొట్టించి రాగులు చల్లింది. 

ఇప్పుడు ఫ్యాక్టరీల వాళ్ళు షీటు చూసి ఫోనుకు కబురు పంపితేనే రైతు బండి కట్టిస్తున్నాడు, గేటు బయట ఎండలో పడిగాపులు తప్పాయి, మంచిదే. కానీ ఈ రోజు ఏ ఊరి పక్కనైనా పొరపాటున సున్నా పడిందనుకోండి, ఆ కబురు రానే రాదు, రైతు ఇంటి దగ్గరే ఎదురుచూస్తూ ఉంటాడు. కిటికీలో నుంచి చూసినా అక్కడ ఎవరూ ఉండరు.