కోతి ముందు నా పెద్దరికం

నేను పదో తరగతిలో ఉన్నప్పటి మాట. ఆరో తరగతిలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ పదో తరగతి అక్క ఒకరు తోడుండాలని సుల్తానాబాద్‌లోని మా బడిలో పెద్దసారు పద్ధతి పెట్టారు. అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకోవడానికి వచ్చిన మానస నా వంతుకు వచ్చింది. మొదటి రోజు పొద్దటి నుంచి ఒకటే ఏడుపు. "నేనున్న గదా, ఫికర్ జేయకు" అని చెయ్యి పట్టుకుని బడంతా తిప్పాను.

మధ్యాహ్నం వరండాలో అన్నం ముందు కూర్చున్నామో లేదో, గోడ మీది నుంచి పెద్ద కోతి మా ముందుకు దూకింది. "ఓ అవ్వో!" అని అరిచి మానస వెనక దాక్కున్నాను.

మానస కదల్లేదు. "ఉరుకకు అక్కా, దాని కండ్లల్లకు సూడకు" అంటూ ఉడకబెట్టిన గుడ్డు ఒకటి మెల్లగా గోడ దిక్కు దొర్లించింది. కోతి అది అందుకుని పోయింది.

"కొండగట్టు గుడికాడ మా బాపుది కొబ్బరికాయల దుకాణం అక్కా. ఆడ గివి రోజూ వస్తయి."

పళ్లెం చూసుకుంటే, పోయింది నా గుడ్డే! అందరూ ఒకటే నవ్వు. మానస కూడా నవ్వింది.

మర్నాడు గేటు దగ్గర నాకోసం నిలబడి, చెయ్యి చాపి, "దా అక్కా, సూసొచ్చిన, కోతి లేదు" అంది.

మొన్న కరీంనగర్‌లో కాలేజీకి వెళ్లిన మొదటి రోజు, గేటు దగ్గర ఆ చెయ్యి కోసమే వెతుక్కున్నాను.