గులకరాయికి నీళ్లు పోసిన చలికాలం

ఒక మనిషి ఎంత శ్రద్ధగా తన పరువు తానే తీసుకోగలడో తెలియాలంటే, నా పెళ్లికి ముందటి చలికాలం గురించి వినాల్సిందే. నవ్వొస్తే ఆపుకోకండి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఆపుకోరు.

ఆ ఏడాది ఎండాకాలంలో ఆసిఫాబాద్‌లో గ్రేస్‌తో నాకు నిశ్చితార్థం జరిగింది. ఆమె అక్కడ సైన్సు టీచరు. నాది బెల్లంపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. మేం బయలుదేరుతుంటే ఆమె టీకప్పంత కుండీ ఒకటి తెచ్చింది. నిండా గులకరాళ్లు.

"దీంట్ల రాతిమొక్క ఉంది. ఇత్తనం నుంచి పెంచిన, నాకు పానం. ఎండకాలం పండుకుంటది, సుక్క నీళ్లు పొయ్యొద్దు. చలి పెట్టంగనే లేస్తది, అప్పుడు జర తడుపుండ్రి. సూడనీకె రాయి లెక్కనే ఉంటది. ఇగో, గిదే."

ఆమె వేలితో మొక్కను చూపిస్తోంది. నేను ఆ వేలికున్న ఉంగరాన్ని చూస్తున్నాను.

ఇంటికొచ్చి కుండీని కిటికీలో పెట్టాను. రాళ్ల మధ్య ఒకటి గుండ్రంగా, లేత ఆకుపచ్చగా మెరిసింది. ఇదే మొక్క! దాని పక్కన ఉల్లిపొట్టులాంటిదేదో ఎండి ఉంటే, పీకి చెత్తలో వేశాను.

"గా రాళ్లను ఏం సూస్తున్నవ్ రా?" అంది అవ్వ. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం.

"మెల్లగ మాట్లాడే అవ్వా, పండుకుంది."

"ఎవరు?"

"మొక్క."

అవ్వ లోపలికి వెళ్లి బాపుతో గుసగుసలాడింది. "వీని పెండ్లి జల్ది చెయ్యాలె."

చలి వచ్చింది. తెల్లవారితే మంచులో వీధి కనబడేది కాదు. కిటికీలోకి ఎండ పాకే వేళకు పక్కనే కూర్చుని చుక్క చుక్కగా నీళ్లు వేసేవాణ్ని. తడి తగలగానే అది ఇంకా పచ్చబడేది. లేస్తోంది! ఏ రంగు పువ్వు పూస్తుందో, గ్రేస్ దాన్ని జడలో పెట్టుకుంటుందో లేదో అనుకుంటూ అలాగే ఉండిపోయేవాణ్ని. దుకాణం తెరవడం గుర్తొచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది.

"ఎట్లుంది?" అని గ్రేస్ ఫోన్‌లో అడిగేది.

"మస్తు పచ్చగుంది. జర లావైంది గూడ."

ఒట్టు, నా కళ్లకు లావైనట్టే కనిపించింది.

క్రిస్మస్ ముందు గ్రేస్, వాళ్ల బాపు పెళ్లి మాటలకు వచ్చారు. గర్వంగా కుండీ తెచ్చి ముందు పెట్టాను. ఆమె గోటితో తట్టింది. టక్!

"ఇది రాయి."

"రాయి లెక్క ఉంటదంటివి గదా!"

"లెక్క ఉంటదన్న. గిది రాయే! ఎండిన పొట్టు లెక్కది ఉండాలె, ఏమాయె? మొక్క పండుకునేది దాని లోపల్నే."

ఉన్నమాట చెప్పేశాను. "చెత్తల పడేసిన."

గ్రేస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లి పోయిందనుకున్నాను.

"అయితే ఇన్ని దినాలు రాయికే నీళ్లు పోసిండ్రా?"

"రోజు పోసిన. మాట్లాడిన గూడ."

"రాయితోనా? ఏం మాట్లాడిండ్రు?"

"నీ గురించే."

ఆమె కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది. "బాపూ, పెండ్లి ఖాయం చెయ్యి. ఉలుకు పలుకు లేని రాయినే గింత మంచిగ సూసుకున్నోడు, నన్ను సూసుకోడా?"

మామగారు నా వైపు జాలిగా చూసి, కూతురితో అన్నాడు. "నువ్వు ఉలుకు పలుకు లేకుంట ఉంటవా బిడ్డా? గదే నా ఫికర్!"

తర్వాత పెళ్లినాడు చర్చిలో అందరి ముందూ చేసిన ప్రమాణాలు కాక, రాయి సంగతి బయటపడ్డ ఆ రోజే నేను మరొకటి చేశాను. ఈ జన్మలో గోటితో తట్టి చూడకుండా దేనికీ చుక్క నీరు పోయను.